పారిపోయినవాడి పేరు

లచ్చన్నకు నలభై ఒక్క ఏళ్ళు. అందులో పదిహేడు ఒమన్‌లో గడిచాయి. మస్కట్ శివారు మబేలాలో హార్డ్‌వేర్ దుకాణం పైన ఎనిమిది మంచాల రూమ్‌లో కిటికీ పక్క మంచం అతనిది. సీనియారిటీ వల్ల దొరికింది అదొక్కటే. తెల్లవారుజామున నాలుగున్నరకు కంపెనీ బస్సు ఎక్కి, బౌషర్‌లో కడుతున్న ఆరంతస్తుల భవనం దగ్గర దిగుతాడు. గోడకు లప్పం పెట్టడం, ఆరాక గీకడం, ప్రైమర్ కొట్టడం, రంగు వేయడం. పనిమంతుడని పేరుంది. ఆ పేరు వల్ల ఇన్నేళ్ళలో ఒరిగిందేమీ లేదు.

గల్ఫుకు రాకముందు అతను చేసిన పని వేరు. నిర్మల్ జిల్లాలో వాళ్ళది పటం చెప్పే ఇల్లు. పటమంటే గజం వెడల్పు, ఇరవై గజాల పొడవు గుడ్డ. ఎర్రటి నేల మీద నలభై ఆరు బొమ్మలు. ముదిరాజుల వంశకథ అంతా ఆ బొమ్మల్లో ఉంటుంది. అక్షరం ముక్క ఉండదు. వరికోతలు అయ్యాక ముదిరాజుల వాకిట్లో పటం కట్టి, కర్రతో ఒక్కో బొమ్మనూ ముట్టుకుంటూ మూడు రోజులు కథ చెప్తారు. పక్కన ఒకడు తాళం కొడుతూ వంత పలుకుతాడు. ఏ ఇంటివాళ్ళు ఏ ఊళ్ళకు చెప్పాలో తాతల నాడే పంచుకున్నారు. లచ్చన్న ఇంటికి పదకొండు ఊళ్ళు వచ్చాయి. వాగుకు ఇవతల ఆరు, అవతల ఐదు. ఇవతలి ఊళ్ళకు తండ్రి వెంట తాళం పట్టింది లచ్చన్న. అవతలి ఊళ్ళకు ఆ పని చిన్నాయనది. పద్ధెనిమిదో ఏట మొదలుపెట్టి ఆరేళ్ళు అలా తిరిగాడు. తర్వాత వీసా వచ్చింది.

పదేళ్ళు సంపాదించి వచ్చి పటం పడతానని తండ్రికి చెప్పి విమానం ఎక్కాడు. తండ్రి పద్నాలుగేళ్ళు ఒక్కడే చెప్పుకొచ్చాడు. తర్వాత పక్షవాతం వచ్చి రెండేళ్ళు మంచాన పడి, పోయిన ఏడాది మార్చిలో చనిపోయాడు. మూడు సీజన్లు పటం పెట్టె తెరవలేదు. ఈ జూన్‌లో వాగుకు ఇవతల ఉన్న రేగుమడుగు పెద్దలు కబురు పంపారు. ఈసారి పటం తెస్తారా, లింబాద్రిని పిలుచుకోమంటారా అని. లింబాద్రి చిన్నాయన కొడుకు. అతనికి వేరే పటం, వేరే ఊళ్ళు ఉన్నాయి.

లచ్చన్నకు విషయం అర్థమైంది. ఒక ఊరు పోతే పదకొండూ పోతాయి. అవి పోతే తాను ఒమన్ వదిలి వెళ్ళి చేయగల పని ఇంకొకటి లేదు. లప్పం పనికి నిర్మల్‌లో బీహార్ మేస్త్రీలు ఉన్నారు, వాళ్ళకు ఇతనికన్నా పదేళ్ళు వయసు తక్కువ.

ముందు సెలవు అడిగాడు. ఫోర్‌మన్ ఫయాజ్ నిజామాబాద్ వాడు, తెలుగులోనే తిడతాడు. మేనేజర్‌ను మాత్రం అరబ్బుల్లా ముదీర్ అంటాడు.

"డిసెంబర్‌ల చుట్టీనా? ముదీర్ నన్ను తింటడు. హ్యాండోవర్ ఫిబ్రవరిల ఉన్నది. మొన్ననే కదా పోయొచ్చినవ్ నువ్వు?"

"మొన్న నాయిన సచ్చిపోతే పోయిన."

"ఎందుకు పోయినా చుట్టీ చుట్టీయే లచ్చన్నా. రిజిస్టర్‌ల సావుకు వేరే గడి లేదు."

ఇక మిగిలింది తమ్ముడు గంగాప్రసాద్. ఆటో నడుపుతాడు. భజనల్లో పాడతాడు, గొంతు మంచిది. పటం గురించి అతనికి తెలిసింది మాత్రం తక్కువ. తండ్రి కథ చెప్పే రోజుల్లో అతను హాస్టల్‌లో ఉన్నాడు.

"గొంతు నాది, కత నీది," అన్నాడు ఫోన్‌లో. "నువ్వు రాయి అన్నా. వదిన బొమ్మల ఫోటోలు తీసి పంపుతది. ఒక్కొక్క బొమ్మకు ఒక్కొక్క పేజీ రాయి, సాలు. నేను కంఠం పడ్త."

"ఏడో తరగతి సదివినోన్ని. నాతోని పుస్తకం రాయిస్తవారా?"

"నువ్వు రాయకుంటే లింబాద్రి వచ్చి చెప్తడు. ఇగ నీ ఇష్టం."

భార్య గౌరవ్వ దాబా మీద పటం పరిచి నలభై ఆరు ఫోటోలు తీసి పంపింది. గాలికి అంచు లేవకుండా రాళ్ళు పెట్టి, పక్కనే నిలబడి తీసింది. అందుకని ప్రతి బొమ్మ అడుగునా ఆమె కాలివేళ్ళు పడ్డాయి. పరంజా కట్టే దస్తగిర్‌ది కడప జిల్లా, రూమ్‌లో పక్క మంచం. అతను లచ్చన్న ఫోన్‌లోకి తొంగి చూసి అడిగాడు.

"ఏమన్నా, మెట్టెలు పెట్టుకున్న ఈ దేవత ఎవురు? ప్రెతి బొమ్మలోనూ ఉండాదే!"

"మా ఇంటిది."

"వదినా! నేను పాదాలకు మొక్కినా గదన్నా ఇప్పుడే."

శుక్రవారం పొద్దంతా కూర్చుంటే లచ్చన్నకు రెండు వాక్యాలు వచ్చాయి. "పెద్దిరాజు చెరువు వద్దకు వచ్చెను. చెరువు నిండుగా ఉండెను." చదువుకుంటే మూడో తరగతి వాచకంలా ఉంది. కథ తెలియక కాదు. ఆ కథ ఎప్పుడూ నిలబడి, కర్ర పట్టుకుని, బొమ్మను ముట్టుకుంటూ చెప్పేది. పటంలో కథానాయకుడు పెద్దిరాజు జానెడున్నర ఎత్తుంటాడు, ఫోన్‌లో బొటనవేలంత. మంచం మీద కూర్చుని బొటనవేలంత వీరుడి గురించి ఏం రాయాలో అతనికి తోచలేదు.

ఎండాకాలంలో మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడున్నర దాకా బయటి పని బంద్. ఆ మూడు గంటలూ కూలీలు కింది అంతస్తులో తలుపులు లేని ఫ్లాట్లలో అట్టపెట్టెలు పరుచుకుని పడుకుంటారు. ఒకరోజు లచ్చన్న పడుకోలేదు. లప్పం గీకి నున్నగా చేసిన గోడ ఒకటి ఎదురుగా ఉంది. ఫోన్ చూస్తూ వడ్రంగి పెన్సిల్‌తో మొదటి బొమ్మను పటంలో ఉన్నంత సైజులో గీశాడు. గీత సరిగ్గా రాలేదు, గుర్రం మేకలా వచ్చింది. ప్రైమర్ రోలర్ కర్ర తీసుకుని పెద్దిరాజు పాదాలు ముట్టుకున్నాడు. నోట్లోంచి మాట వచ్చింది. తర్వాత మాట, ఆ తర్వాత మాట.

దస్తగిర్‌కు మెలకువ వచ్చింది. "ఎవురితో మాట్లాడతాండావు?"

"నీతోనే. లేచినవ్ గద, 'ఆఁ' అను."

"ఏంది?"

"నేను ఒక మాట చెప్పంగనే నువ్వు 'ఆఁ' అనాలె. లేకుంటే కత నడవది."

"దీనికి ఓవర్‌టైమ్ రాపిస్తావా?" అన్నాడు దస్తగిర్. కానీ లేచి కూర్చుని 'ఆఁ' అన్నాడు.

అలా మొదలైంది. గీయడం, నిలబడి చెప్పడం, చెప్పింది చల్లారకముందే కూర్చుని రాయడం. రోజుకొక బొమ్మ. మర్నాడో, ఆ మర్నాడో ఆ గోడకు ప్రైమర్ పడేది, కొట్టేవాడు లచ్చన్నే. దస్తగిర్ ఊరికే 'ఆఁ' కొట్టలేదు, ప్రశ్నలు వేశాడు. గుర్రం ఏ రంగు? ఆ ముసలామె ఎందుకు నవ్వుతోంది? లచ్చన్న ఫోటో పెద్దది చేసి చూశాడు. గుర్రం నీలం. ముసలామె నవ్వడం లేదు, ఆమెకు పళ్ళు బయటికి ఉన్నాయి. తండ్రి ఇవేవీ చెప్పేవాడు కాదు. పటం ఎదురుగా ఉన్నవాళ్ళకు రంగు చెప్పనక్కర్లేదు. ఆ సంగతి తెలిసి కూడా లచ్చన్న రంగులు రాశాడు. పళ్ళు రాశాడు.

పన్నెండో బొమ్మ చెడిపోయి ఉంది. ఎప్పుడో పెట్టెలోకి నీళ్ళు దిగి రంగు పెచ్చులూడింది. గాజుల చెయ్యి ఒకటి, కుండ మూతి ఒకటి మిగిలాయి. పెద్దిరాజు భార్య నీళ్ళకు పోయిందని ఒక్క మాట అని తండ్రి దాటేసేవాడు. లచ్చన్న ఆ చేతిని నాలుగు రోజులు చూశాడు. వేళ్ళు విడిపోయి ఉన్నాయి. అంటే ఆమె కుండ పట్టుకుని లేదు, వదిలేసింది. ఎందుకు వదిలింది? నీళ్ళ మీద మొగుడి వల తేలుతూ కనబడింది గనక. వల ఉంది, మనిషి లేడు. తర్వాతి బొమ్మల్లో అతను బతికే ఉన్నాడు గానీ, ఆ ఘడియ ఆమెకు తెలియదు. రెండు పేజీలు వచ్చాయి. అది చెప్తున్నంతసేపూ దస్తగిర్ 'ఆఁ' అనడం మరిచిపోయాడు. లచ్చన్న కోప్పడలేదు.

ముప్పై ఒకటో బొమ్మలో చెరువు కట్ట తెగుతుంది. పెద్దిరాజూ ఇంకో ముగ్గురూ గండికి అడ్డం పడి ఉంటారు. ఒకడు మాత్రం పారిపోతుంటాడు. కాళ్ళు ఊరి వైపు, ముఖం వెనక్కి తిరిగి చెరువు వైపు. భుజం మీద వల. లచ్చన్న ఆ ముఖాన్ని గోడ మీద మూడుసార్లు గీశాడు, మూడుసార్లూ తుడిచాడు. పిరికివాడు వెనక్కి తిరిగి చూడడు గదా అనిపించింది. ఆ తెల్లవారే పెళ్ళాం ప్రసవించిందనీ, ఇల్లు కట్ట కిందే ఉందనీ, బిడ్డను ఎత్తుకోవడానికి పరిగెత్తాడనీ రాశాడు. వాడికి పేరు పెట్టలేదు. 'ఒకడు' అన్నాడు.

పేజీలు ఫోటోలు తీసి ఎప్పటికప్పుడు తమ్ముడికి పంపేవాడు. ఈ పేజీ అందగానే గంగాప్రసాద్ ఫోన్ చేశాడు.

"అన్నా, 'ఒకడు' ఏంది? ఎవడు వాడు?"

"పటంల పేరు లేదురా."

"పటంల ఎవ్వనికి ఉన్నది పేరు? నాయిన చెప్పేటోడు గద. జనం అడిగితే నేనేం జెప్పాలె?"

లచ్చన్న కళ్ళు మూసుకున్నాడు. రేగుమడుగు గుర్తొచ్చింది. వాకిట్లో వడ్ల దుమ్ము, ట్యూబులైటు చుట్టూ పురుగులు. తండ్రి కర్రతో ఆ బొమ్మ వీపు మీద ఒక్కటి వేసి, "తుమ్మలవాయి నర్సిగాడు!" అనేవాడు. జనం పడీ పడీ నవ్వేవాళ్ళు. వెనక నుంచి ఈలలు వినబడేవి. అది నవ్వుల జాగా. తాను దాన్ని ఏడుపు జాగా చేసి కూర్చున్నాడు.

"తుమ్మలవాయి నర్సయ్య," అన్నాడు. "ఆ పేజీ చింపెయ్. నాయిన చెప్పినట్టే మల్ల రాసి పంపుత."

కాన్పూ, బిడ్డా, కట్ట కింది ఇల్లూ పోయాయి. దస్తగిర్‌కు నచ్చలేదు.

"బిడ్డ బాగుండె గదన్నా. ఎందుకు తీసేస్తివి?"

"కత నాది గాదు."

సెప్టెంబర్ మొదట్లో నలభై ఆరూ పూర్తయ్యాయి. గంగాప్రసాద్ అన్నీ జిరాక్స్ తీయించి స్పైరల్ బైండింగ్ చేయించాడు. మూడు నెలలు ఆటోలో, ప్యాసింజర్లు లేనప్పుడు చదివి కంఠతా పట్టాడు. డిసెంబర్ రెండో వారంలో రేగుమడుగులో పటం కట్టాడు.

మూడో రోజు మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. గంగాప్రసాద్ గొంతు బొంగురుపోయింది.

"అన్నా, ఆ చెయ్యి బొమ్మ కాడ ఆడోళ్ళు కొంగులు నోట్ల వెట్టుకున్నరు. నర్సిగాని కాడ ఒక్కటే ఈలలు! మీ నాయిన మల్ల లేచొచ్చిండు అన్నరు పెద్దలు. వచ్చే ఏడు గూడ మీరే రావాలె అన్నరు."

లచ్చన్న ఆ సాయంత్రం సూక్ బజారు నుంచి కుంకుమపువ్వు హల్వా తెచ్చి రూమ్‌లో ఏడుగురికీ పంచాడు. ఎందుకని అడిగినవాళ్ళకు దస్తగిర్ చెప్పాడు, లచ్చన్న రాజు అయినాడని. ఇంకో రెండేళ్ళు, ఆపైన ఇంటికి, అని లచ్చన్న ఆ రోజు గట్టిగానే అన్నాడు. ఒమన్ వచ్చాక అతను గడువు చెప్పడం అదే మొదలు.

రెండో ఊరు తుమ్మలవాయి. వాగుకు అవతల.

రేగుమడుగు కబురు అందిన ఆరో రోజున మళ్ళీ ఫోన్ వచ్చింది. చేసింది తమ్ముడు కాదు, గౌరవ్వ. ఆమె కథ వినడానికి ఆటోలో వెంట వెళ్ళింది. జరిగింది జరిగినట్టు చెప్పింది.

తుమ్మలవాయిలో పటం కట్టేది రాములవ్వ వాకిట్లో. ఎనభై దాటిన మనిషి. ఆ ఇంట్లో ఆమె మాటే మాట. కుర్చీ వేసుకుని అందరికన్నా ముందు కూర్చుంది. ముప్పై ఒకటో బొమ్మ వచ్చింది. ఏ ఊళ్ళోనైనా కథ ఒకటే అనుకుని గంగాప్రసాద్ అన్న రాసినట్టే కర్రతో వీపు మీద వేసి పేరు చెప్పి, నవ్వు కోసం ఆగాడు. ఎవరూ నవ్వలేదు.

"మల్ల చెప్పు," అంది రాములవ్వ.

ముసలామెకు చెవులు వినబడవేమో అనుకుని గంగాప్రసాద్ ఇంకా గట్టిగా చెప్పాడు. "తుమ్మలవాయి నర్సిగాడు, అవ్వా! వల బుజాన ఏసుకోని ఉరికిండు!"

"నా పెనిమిటి నర్సయ్య," అంది రాములవ్వ. "ఆయన తాత నర్సయ్య. తాత పేరు మనుమనికి, మనుమని పేరు ఆయన మనుమనికి పెట్టుకుంట వస్తున్నం. మీ నాయిన నలభై ఏండ్లు గీ వాకిట్ల గీ బొమ్మకు రేగుమడుగు రాజిగాడు అని చెప్పిండు. నవ్వుకుంట విన్నం. మా అన్నం తిన్నడు, మా బట్ట కట్టిండు. వాగు దాటంగనే మమ్ముల్ని గిట్ల చెప్పిండా?"

గంగాప్రసాద్ తడబడి, నేను చెప్పింది కాదవ్వా, అన్న రాసింది, అని స్పైరల్ పుస్తకం చూపించాడు. అదే తప్పయింది. రాములవ్వ మనవడు దాన్ని లాక్కుని ఆ పేజీ అందరికీ వినబడేటట్టు చదివాడు. నోటి మాటయితే తప్పు పలికానని తప్పించుకోవచ్చు. అక్షరాల్లో ఉంది, ఊరి పేరుతో సహా. ఎవరో రేగుమడుగులో చుట్టానికి ఫోన్ చేశారు. సాయంత్రానికి అక్కడా తెలిసింది, తుమ్మలవాయిలో పారిపోయేది తమ రాజయ్య అని.

"రాములవ్వ ఇంకేమన్నది?" అన్నాడు లచ్చన్న.

గౌరవ్వ చెప్పడానికి వెనకాడింది. "పారిపోయినోడు మీ ఇంట్లనే ఉన్నడు గద, మస్కట్ల, అన్నది. పెద్దకొడుకు ఉండంగ చిన్నోని చేతిల కాయితాలు వెట్టి తోలిండు అన్నది. అందరి ముంగట."

మిగతా ఊళ్ళ పెద్దలు ఒకరికొకరు ఫోన్లు చేసుకున్నారు. మీ దగ్గర ఎవడు పారిపోయాడు, మా దగ్గర ఎవడు పారిపోయాడు అని లెక్కలు తీశారు. నలభై ఏళ్ళు పదకొండు ఊళ్ళు నమ్మిన కథ కాగితం మీంచి వాకిట్లోకి వచ్చాక తొమ్మిది రోజులు నిలిచింది. పదకొండు ఊళ్ళూ ఇక మీరు రావద్దన్నాయి.

లచ్చన్న లింబాద్రికి ఫోన్ చేశాడు. ఊళ్ళ విషయంలో రెండేళ్ళుగా వాళ్ళ మధ్య మాటలు లేవు. లింబాద్రి మర్యాదగానే మాట్లాడాడు.

"పేరు మారుస్తడని నీకు ఎర్కేనా?" అన్నాడు లచ్చన్న.

"గది ఎర్క లేకుంటే పటం ఎట్ల చెప్తం అన్నా? పారిపోయేటోడు ఎప్పటికీ వాగు అవతలి ఊరోడే. అందుకే గద బొమ్మ మీద పేరు రాయరు. మా నాయిన అవతలి ఊర్లు తిరిగిండు, నాకు చెప్పిండు. నువ్వు ఇవతలియే తిరిగినవ్."

"నాయిన నాకెందుకు చెప్పలే?"

"నువ్వు వచ్చి పటం పట్టే రోజు చెప్దామనుకున్నడేమో."

లింబాద్రే మళ్ళీ అన్నాడు. "నన్ను ఒక్క మాట అడిగినా చెప్పేటోన్ని. నువ్వు పుస్తకం రాస్తున్నవని నాకు ఊరోళ్ళు చెప్తె ఎర్కయ్యింది."

అడగకపోవడానికి కారణం ఇద్దరికీ తెలుసు. అడిగితే ఊళ్ళు లింబాద్రివి అవుతాయని లచ్చన్న భయం.

"ఊర్లు నేను అడగలే అన్నా. వాళ్ళే పిలుస్తున్నరు. నేను పోకుంటే ఇంకెవ్వన్నో పిలుస్తరు."

"పో," అన్నాడు లచ్చన్న.

చెప్పే ఊరు లేని పటాన్ని ఇంట్లో ఉంచరు. మనిషి పోయినట్టే లెక్క. జనవరిలో గంగాప్రసాద్ దాన్ని ఆటోలో బాసరకు తీసుకుపోయి గోదాట్లో వదిలి, ఇంటికి వచ్చి స్నానం చేశాడు. వీడియో తీయనా అన్నా అని ముందే అడిగాడు. లచ్చన్న వద్దన్నాడు.

రూమ్‌లో దస్తగిర్ నాలుగైదు రోజులు చూసి, ఒక శుక్రవారం మెల్లగా కదిపాడు. "ఆ బిడ్డ కతను నీ సొంతంగా రాయొచ్చు గదన్నా. ఆ చేతి కతను గూడా. అవి మీ నాయినవి కాదు, నీవే."

"రాసి ఎవ్వని ముంగట చెప్పాలె?"

"నేనుండా గదా."

"నీకు చెప్తె నాకు ఏ ఊరు వస్తది దస్తగిర్?"

దస్తగిర్ నొచ్చుకుని బట్టలు ఉతుక్కోవడానికి వెళ్ళాడు. లచ్చన్న క్షమాపణ చెప్పలేదు. ఆ తర్వాత ఇద్దరూ బాగానే ఉన్నారు, కథల మాట మాత్రం రాలేదు.

ఫిబ్రవరిలో భవనం అప్పజెప్పారు. ఆ వారమే కాంట్రాక్టు రెన్యువల్ కాగితాలు వచ్చాయి. ఆఫీసువాడు వేలు పెట్టి చూపిన చోటల్లా లచ్చన్న సంతకం పెట్టాడు. సాయంత్రం గౌరవ్వకు చెప్పాడు.

"ఇంక రెండేండ్లేనా?"

"అవ్."

"అటెనుక?"

"అటెనుక ఇంక రెండేండ్లు."

"వస్తనంటివి గద."

"వచ్చి ఏం జెయ్యాలె, చెప్పు."

గౌరవ్వ ఆలోచించింది. అవతల కుక్కర్ కూత వేస్తే లేచి వెళ్ళి స్టవ్ ఆపేసి వచ్చింది.

"తిన్నవా?" అంది.

తిన్నానన్నాడు. కొత్త సైట్ ఒమన్ అంచున, బురైమిలో. సామాను సర్దుకోవాలని ఫోన్ పెట్టేశాడు.